సొర దంత శిలాజం.. అందులో అసలెంత?

అరచేతినిండా పట్టే నల్లని త్రికోణాకారపు రాయి. అంచుల వెంట రంపపు నొక్కులు. పక్కనే ‘లక్షల ఏళ్ల నాటి రాకాసి సొర దంతం’ అన్న చీటీ. అంతర్జాల విక్రయ వేదికల్లోనూ, విదేశీ పర్యాటక కేంద్రాల దుకాణాల్లోనూ ఇలాంటివి విరివిగా కనిపిస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఫ్లోరిడా, కరొలినా, మేరీల్యాండ్ తీరాలకు విహారానికి వెళ్లినప్పుడు కొని, స్వస్థలానికి వచ్చేటప్పుడు పిల్లలకు కానుకగా తేవడమూ కద్దు. వీటిలో వంద రూపాయలకు దొరికేవీ ఉన్నాయి, లక్ష రూపాయలు దాటేవీ ఉన్నాయి. ఈ రెండు ధరల నడుమ ఉన్న దూరమే మోసానికి చోటిస్తోంది.

కొనేవారు సాధారణంగా అడిగేది ‘ఇది అసలా, నకిలీయా?’ అని. అది సగం ప్రశ్న మాత్రమే. పూర్తిగా రెసిన్‌తో పోతపోసిన బొమ్మ దంతాన్ని కాస్త జాగ్రత్తగా చూస్తే ఎవరైనా గుర్తించగలరు. సొమ్ము పోయేది ఎక్కువగా సగం అసలు, సగం అతుకు అయిన దంతాల దగ్గరే. కిరీటం ఒక దంతానిది, మూలం మరో దంతానిది, నడుమ పూత విక్రేతది! అందువల్ల ‘ఇందులో అసలు భాగం ఎంత?’ అని అడగడమే సరైన పద్ధతి.

దంతాలే ఎందుకు మిగిలాయి?

సొర చేప అస్థిపంజరం ఎముకతో కాక మృదులాస్థితో ఏర్పడుతుంది. చేప చనిపోయిన తరువాత అది త్వరగా శిథిలమవుతుంది. దంతాలు అలా కాదు. వాటి పై పొర ఫ్లోరాపటైట్ అనే గట్టి ఖనిజంతో తయారవుతుంది. పైగా సొరకు పళ్లు జీవితాంతం ఊడుతూనే ఉంటాయి. వెనుక వరుసలోనివి ముందుకు జరిగి ఆ ఖాళీని పూరిస్తాయి. ఒక్కో సొర తన జీవితకాలంలో వేల దంతాలు రాలుస్తుంది. అవి సముద్రపు అడుగున బురదలో కూరుకుపోయి, నీటిలోని ఖనిజాలను పీల్చుకుంటూ శిలాజాలుగా మారుతాయి. కాబట్టి సొర దంతం శిలాజాల్లోకెల్లా సులభంగా దొరికే వాటిలో ఒకటి. ‘ప్రపంచంలో ఇలాంటివి నాలుగైదే ఉన్నాయి’ అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి.

వీటిని దంతాలుగా గుర్తించడానికే మనిషికి చాలా కాలం పట్టింది. మధ్యయుగపు ఐరోపాలో వీటిని ‘నాలుక రాళ్లు’ అనేవారు. పాముల నాలుకలు రాయిగా మారాయని నమ్మి, విషానికి విరుగుడుగా పనికొస్తాయని దాచుకునేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో సమీపంలో చిక్కిన పెద్ద సొర తలను ఫ్లోరెన్స్‌కు తెప్పించగా, డెన్మార్క్‌కు చెందిన వైద్యుడు నికొలస్ స్టెనో దానిని కోసి పరిశీలించారు. ఆ నోటిలోని పళ్లకూ, నాలుక రాళ్లకూ తేడా లేదని 1667లో ప్రచురించారు. భూమి పొరల చరిత్రను చదివే శాస్త్రానికి తొలి అడుగుల్లో ఇదొకటి.

ధర ఉన్నచోటే నకిలీ

నకిలీ ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని పూర్తయినట్లే. నకిలీ చేయడానికీ ఖర్చవుతుంది. అసలు సరుకు అంతకన్నా చౌకగా దొరికే చోట ఆ శ్రమ ఎవరూ పడరు. మొరాకోలోని ఖురీబ్గా పరిసరాల ఫాస్ఫేట్ గనులే ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు 7 కోట్ల నుంచి 5 కోట్ల ఏళ్ల కిందటి ఆ పొరల్లో సొర దంతాలు కుప్పలుగా బయటపడతాయి. అంగుళం, రెండంగుళాల పొడవుండే ‘ఒటోడస్ ఆబ్లిక్వస్’ దంతాలు, అంతకన్నా చిన్నవైన సన్నని దంతాలు ప్రపంచమంతటా చవకగా అమ్ముడవుతున్నాయి. విడిగా, ఏ హంగూ లేకుండా ఉన్న ఇలాంటి దంతం దాదాపు ఎప్పుడూ అసలైనదే.

అదే దంతాన్ని రాతిలో పొదిగినట్లు చూపితే మాత్రం సంగతి మారుతుంది. ఇసుకను, గని మట్టిని జిగురుతో కలిపి ముద్దచేసి, అందులో పళ్లు గుచ్చి, ‘రాతిలోనే దొరికింది’ అని ఎక్కువ ధర చెబుతారు. నాలుగైదు పళ్లను వరుసగా అమర్చి ‘దవడ ముక్క’ అనడం కూడా మామూలే. సొరల కాలపు సముద్ర సరీసృపం మోససార్ దవడల పేరిట వచ్చేవాటిలో ఈ తరహా కూర్పులు మరీ ఎక్కువ. పళ్లు అసలువే. దవడ మాత్రం కారీగరు పనితనం. సొర మృదులాస్థి నిలవదని పైన చెప్పుకొన్నాం కదా, పళ్లు వరుస తప్పకుండా అమరిన సొర దవడ శిలాజం ఎంత అరుదో దాన్నిబట్టే ఊహించవచ్చు.

ఇక అసలు బేరం మెగలొడాన్ దంతాలది. సుమారు 2 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 36 లక్షల ఏళ్ల కిందటి వరకు సముద్రాలను ఏలిన ఈ భారీ సొర దంతాలు అమెరికాలోని దక్షిణ, ఉత్తర కరొలినాల నదీగర్భాల్లో, సముద్రపు అడుగున, ఫ్లోరిడాలో, ఇండొనేసియాలోని పశ్చిమ జావాలో దొరుకుతాయి. మూడు, నాలుగు అంగుళాల దంతాలు మామూలు. అయిదు దాటితే ధర పెరుగుతుంది. ఆరు అంగుళాలు దాటిన మేలిరకం దంతానికి వేల డాలర్లు పలుకుతుంది. ఏడు అంగుళాలకు చేరువైనవి చాలా అరుదు. అంటే చివర అర అంగుళం విలువ మిగతా దంతమంతటి విలువను మించిపోతుందన్నమాట. విరిగిన మూలానికి పూతతో కొస పెంచి అయిదున్నరను ఆరు చేసే విద్య అందుకే పుట్టింది.

కొలత పద్ధతి కూడా తెలుసుకోవాలి. కిరీటం కొన నుంచి మూలం మూల వరకు ఏటవాలు అంచు వెంబడి, రెండు వైపుల్లో పొడవైన వైపును కొలవడం ఆనవాయితీ. కొలబద్దను దంతం వంపు మీదుగా వంచి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లు అదనంగా వస్తాయి. ఛాయాచిత్రంలో దంతం పక్కన తిన్నని కొలబద్ద కనిపించాలని కోరడం కొనేవారి హక్కు.

చేతిలోకి తీసుకోగానే

శిలాజ దంతం రాయిలా చల్లగా, బరువుగా తగులుతుంది. అయిదంగుళాల మెగలొడాన్ దంతం సుమారు పావు కిలో తూగుతుంది. ఖాళీ రెసిన్ పోత తేలికగా, చేతికి కాస్త వెచ్చగా అనిపిస్తుంది. బల్లమీద మెల్లగా తట్టినప్పుడు వచ్చే చప్పుడులోనూ తేడా ఉంటుంది. అయితే చేతి అంచనాను పూర్తిగా నమ్మకూడదు. రెసిన్‌లో రాతిపొడి కలిపి బరువు పెంచడం నకిలీదారులు ఎప్పుడో నేర్చుకున్నారు.

తరువాత నిర్మాణం చూడాలి. దంతంలో రెండు భాగాలుంటాయి. నునుపైన, మెరిసే పింగాణి పొర ఉన్నది కిరీటం. గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉండేది మూలం. ఒక ముఖం చదునుగా, నాలుక వైపుండే రెండో ముఖం ఉబ్బెత్తుగా ఉంటుంది. మెగలొడాన్ దంతం ఉబ్బెత్తు ముఖం మీద కిరీటానికీ మూలానికీ నడుమ ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో ముదురురంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దీన్ని బూర్లెట్ అంటారు. అరిగిపోయిన దంతాల్లో ఇది కొంతో, పూర్తిగానో ఊడిపోయి ఉండవచ్చు. అది లోపమే తప్ప నకిలీకి గుర్తు కాదు. నిజానికి మిగతా దంతమంతా అరిగిపోయి, బూర్లెట్ మాత్రం కొత్తగా నిగనిగలాడుతుంటే అనుమానించాలి. రంగు వేయడానికి అందరికన్నా ముందు ఎంచుకునే చోటు అదే.

భూతద్దం కింద

నగల వ్యాపారులు వాడే, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి ఉంటే చాలు. దంతాన్ని ఎండలో గానీ, పక్కనుంచి పడే దీపపు వెలుగులో గానీ తిప్పుతూ చూడాలి. మొదట వెతకాల్సింది గాలి బుడగలను. పోతపోసిన రెసిన్‌లో గుండుసూది మొన అంత గుండ్రని గుంటలు కనిపిస్తాయి. మూలం మీది సహజ రంధ్రాలు ఇంత గుండ్రంగా ఉండవు, అవి లోపలికి దారితీస్తాయి. తరువాత అంచుల వెంట అచ్చు రెండు ముక్కలూ కలిసిన గీత ఉందేమో చూడాలి. దానిని అరగదీసి ఉంటే ఆ మేరకు నొక్కులు మొద్దుబారి ఉంటాయి.

పింగాణి పొర మీది పగుళ్లు చాలా సంగతులు చెబుతాయి. అసలు పగులుకు లోతు ఉంటుంది. దాని అంచులు పదునుగా, లోపల మట్టి రంగు పట్టి ఉంటుంది. పోతలో పగులు పైపై గీతలా, అంచులు మెత్తబడి కనిపిస్తుంది. అతికిన దంతంలోనైతే నిలువుగా సాగుతున్న పగులు ఒకచోట కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఆ ఆగినచోటే అతుకు మొదలు. ఈ ఒక్క గుర్తు తెలిసినవారిని మోసగించడం కష్టమని చెప్పవచ్చు.

అంచు నొక్కులను కొనదాకా ఒక్కొక్కటిగా చూడాలి. మెగలొడాన్ నొక్కులు సన్నగా, దగ్గరదగ్గరగా, క్రమంగా ఉంటాయి. నేటి తెల్ల సొర నొక్కులు పెద్దవిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, దానికి బూర్లెట్ ఉండదు. ఆబ్లిక్వస్‌కు నొక్కులే ఉండవు, కిరీటానికి రెండు పక్కలా చిన్న ఉపదంతాలు ఉంటాయి. ఏ జాతి పేరుతో అమ్ముతున్నారో ఆ జాతి లక్షణాలు దంతంలో ఉన్నాయా అన్నది పోల్చి చూసుకోవాలి. విరిగిన అంచును ఆకురాయితో రాకి కొత్త నొక్కులు పెట్టినట్లయితే అవి పింగాణి పొరను దాటి లోపలి డెంటిన్‌లోకి దిగుతాయి. అక్కడ రంగు తేడా తెలిసిపోతుంది. అన్ని నొక్కులూ ఒకే కొలతలో, అరుగుదల లేకుండా ఉండడం కూడా సహజం కాదు. వేటాడే జంతువు పన్ను అది. కొన చిట్లడం, పక్కన చిన్న పెచ్చు లేవడం దాని బతుకు తీరు.

సముద్రపు అడుగున దొరికిన దంతాల మూలానికి నత్తగుల్లల తెల్లని మచ్చలు, పురుగులు తొలిచిన సన్నని దారులు ఉంటాయి. కొత్తగా కొనేవారు వీటిని లోపాలనుకొని, నున్నగా పాలిష్ చేసిన దంతాన్ని ఎంచుకుంటారు. ఆ మచ్చలను రెసిన్‌లో నమ్మదగ్గట్టు చేయడం కష్టం. అతుకును దాచడానికి పాలిష్‌ను మించిన సాధనం లేదు. అందగత్తెను వదిలి ముఖాన మచ్చలున్నదాన్ని తెచ్చుకోవడమే ఇక్కడ లాభం.

ఇంట్లో చేయదగ్గ పరీక్షలు

నీటి తూకం మంచి పరీక్ష. బంగారు దుకాణాల్లో ఉండే తరహా ఎలక్ట్రానిక్ త్రాసుపై నీళ్లున్న గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. దంతాన్ని దారంతో కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా నీటిలో మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే దంతం ఘనపరిమాణం. పొడి బరువును దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు పొడిగా 240 గ్రాములున్న దంతం నీటిలో 90 చూపితే సాంద్రత సుమారు 2.7 అన్నమాట. అంతే బరువున్న సాదా రెసిన్ పోతైతే దాదాపు 200 చూపుతుంది, ఎందుకంటే రెసిన్ సాంద్రత 1.1 నుంచి 1.2 మాత్రమే. ఫ్లోరాపటైట్ ఖనిజానిది 3.1 నుంచి 3.2. దంతంలోని సన్నని ఖాళీల వల్ల మొత్తం సాంద్రత అంతకన్నా తక్కువగా వస్తుంది. ఫలితం 1.5కు లోపు వస్తే ఇక ఆలోచించనక్కర లేదు. 2 దగ్గర తచ్చాడితే రాతిపొడి కలిసిందేమో, మూలం పూతతో నింపారేమో చూడాలి. మట్టి మూలంతో పొడిపొడిగా రాలుతున్న దంతాలను మాత్రం నీటిలో ముంచరాదు.

రెండోది అతినీలలోహిత కాంతి. దొంగనోట్లను పట్టేందుకు దుకాణాల్లో వాడే చిన్న దీపం సరిపోతుంది. చీకటి గదిలో దంతం మీద వేస్తే చాలా రకాల జిగుర్లు, రెసిన్లు నీలి తెలుపు రంగులో వెలుగుతాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కొన్ని శిలాజాల్లోని ఖనిజాలూ సహజంగానే వెలుగుతాయి. పైగా పొడిబారిన దంతం రాలిపోకుండా నిపుణులు పూసే రక్షణ ద్రవం కూడా వెలగవచ్చు. కాబట్టి వెలగడం కాదు ప్రధానం. చుట్టూ ఒక తీరుగా ఉండి, ఒక పట్టీ గానీ, ఒక మూల గానీ వేరేగా వెలిగితే అక్కడ చేయి పడినట్లు.

మూడోది ఎసిటోన్. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. దూదిపుల్లను అందులో తడిపి మూలం మీద కనిపించని చోట, బూర్లెట్ అంచున తేలికగా రుద్దాలి. రంగు దూదికి అంటితే అది సముద్రం ఇచ్చిన రంగు కాదు. రాతిలో పొదిగిన దంతమైతే పన్ను చుట్టూ ఉన్న మట్టి మీద రుద్ది చూడాలి. జిగురుతో చేసిన రాయి చాలాసార్లు మెత్తబడి బంకగా తగులుతుంది. అసలు ఫాస్ఫేట్ మట్టిలో చేపముళ్ల ముక్కలు, చిన్నా పెద్దా రేణువులు కలగలిసి ఉంటాయి. ఒకే సైజు ఇసుక మాత్రమే ఉంటే అది కూర్పు కావచ్చు. కిటికీ తెరిచి, నిప్పుకు దూరంగా ఈ పరీక్ష చేయాలి. విక్రేత అనుమతి లేకుండా అతని సరుకు మీద చేయరాదు.

ఎర్రగా కాల్చిన సూదితో గుచ్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ప్లాస్టిక్ అయితే వాసన వచ్చి కరుగుతుంది, నిజమే. కానీ అసలు దంతానికి పెట్టిన రక్షణ పూత కూడా కాలి వాసన రావచ్చు, మచ్చ మిగిలిపోతుంది. మిగతా పద్ధతులన్నీ ఉండగా దీని జోలికి పోనవసరం లేదు. నిమ్మరసం, వెనిగర్ పోసి చూడడం ఇంకా తప్పు. దంతంలోని అపటైట్ ఆమ్లానికి కరుగుతుంది. పరీక్ష నెగ్గిన అసలు దంతమే మసకబారి మిగులుతుంది.

ఖరీదైన దంతం విషయంలో పళ్ల వైద్యుల దగ్గర ఉండే ఎక్స్‌రే కూడా ఉపయోగపడుతుంది. శిలాజం దట్టంగా, పూతతో నింపిన భాగం పలచగా కనిపిస్తాయి. అతుకులో లోహపు కడ్డీ పెట్టి ఉంటే అదీ బయటపడుతుంది.

రంగు చెప్పేది, చెప్పనిది

దంతం నల్లగా ఉంటేనే పాతదని ఒక నమ్మకం ఉంది. రంగు వయసుకు గుర్తు కాదు. అది పడి ఉన్న మట్టికి గుర్తు. కరొలినా నదుల్లోవి నలుపు, బూడిద, గోధుమ రంగుల్లో ఉంటాయి. మొరాకోవి లేత పసుపు, నారింజ ఛాయల్లో ఉంటాయి. ఫ్లోరిడాలోని ‘బోన్ వ్యాలీ’ గనుల దంతాలు లేత రంగులకు ప్రసిద్ధి. చెప్పిన ఊరికీ, కనిపిస్తున్న రంగుకూ పొంతన ఉందా అని మాత్రం చూడవచ్చు. దంతమంతా, మూలంతో సహా ఒకే రంగులో ఉంటే, గీరిన చోట లోపల తెల్లగా కనిపిస్తే నేటి పన్నుకు టీ డికాక్షన్ లాంటిది పట్టించి ఉండవచ్చు. నేటి సొర పన్ను ఎముక తెలుపులో, తేలికగా ఉంటుంది.

దీనికి చట్టం సంగతి కూడా ముడిపడి ఉంది. తిమింగల సొరతో పాటు కొన్ని సొర, టేకు, రంపపు చేప జాతులకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. తెల్ల సొరను అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ 2004లో రెండో అనుబంధంలో చేర్చింది. శిలాజమని నమ్మి కొన్నది నేటి దంతమని తేలితే నష్టం డబ్బుతో ఆగకపోవచ్చు.

‘ఇది శిలాజం కూడా కాదు, మెగలొడాన్ ఇంకా బతికే ఉంది, ఇది తాజా పన్ను’ అని అమ్మేవారూ ఉన్నారు. ఈ కథకు ఒక మూలం ఉంది. 1872 నుంచి 1876 వరకు సముద్ర పరిశోధన సాగించిన చాలెంజర్ నౌక పసిఫిక్ అడుగు నుంచి మెగలొడాన్ దంతాలను పైకి తీసింది. వాటిపై పేరుకున్న మాంగనీస్ పొర మందాన్ని బట్టి అవి పదకొండు వేల ఏళ్ల నాటివేనని 1959లో ఒక లెక్క వెలువడింది. మాంగనీస్ పేరుకునే వేగం అంతటా ఒకేలా ఉండదని తేలడంతో ఆ లెక్కను శాస్త్రవేత్తలు పక్కన పెట్టారు. కథ మాత్రం దుకాణాల్లో నిలిచింది.

ధ్రువపత్రం విలువ ఎంత?

‘అసలుదని ధ్రువీకరణ పత్రం ఇస్తాం’ అన్న మాటకు చాలామంది పడిపోతారు. ఈ పత్రాన్ని సాధారణంగా ఇచ్చేది విక్రేతే. దాని విలువ అతని మాట విలువే. ‘కార్బన్ పరీక్షలో రెండు కోట్ల ఏళ్లని తేలింది’ అని రాసి ఉంటే ఆ పత్రమే మోసానికి సాక్ష్యం. కార్బన్ కాలనిర్ణయ పద్ధతి సుమారు 50 వేల ఏళ్లకు మించి పనిచేయదు. సొర దంతాల వయసును అవి దొరికిన భూమి పొరను బట్టే చెబుతారు.

అందుకే పత్రం కన్నా మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు మిన్న. ఎక్కడ, ఏ పొరలో దొరికింది? ఏ భాగానికైనా మరమ్మతు జరిగిందా, జరిగితే ఎంత? తేడా తేలితే సొమ్ము వాపసు ఇస్తారా? మరమ్మతు చేయడం నేరం కాదు. విరిగిన దంతాన్ని అతికి, ఆ సంగతి చెప్పి తక్కువ ధరకు అమ్మడం నిజాయతీ గల వ్యాపారమే. మ్యూజియాలు అమ్మే నమూనా పోతలు కూడా అంతే. దాచినప్పుడే మోసం. ‘సహజ స్థితి’ వంటి గాలిమాటలకు బదులు ‘మరమ్మతు ఏదీ లేదు’ అని రాయించుకోవాలి. ఒకే దుకాణం ఒకే ఆకారంలో, ఒకేచోట పెచ్చు లేచిన రెండు దంతాల ఛాయాచిత్రాలు పెడితే అవి ఒకే అచ్చులోంచి వచ్చినవని వేరే చెప్పనక్కర లేదు.

దంతం అసలైనదైనా తెచ్చిన దారి సరైనది కాకపోవచ్చు. పెరూ, చిలీ దేశాలు శిలాజాల ఎగుమతిని నిషేధించాయి. అమెరికాలో ఫెడరల్ భూముల్లోని వెన్నెముక జీవుల శిలాజాలను అనుమతి లేకుండా తీయడాన్ని 2009 నాటి చట్టం నిషేధిస్తోంది. దక్షిణ కరొలినాలో నీటి అడుగు నుంచి ఏరేందుకు లైసెన్సు కావాలి. ఫ్లోరిడాలో ఇతర వెన్నెముక జీవుల శిలాజాలకు అనుమతి తప్పనిసరి అయినా సొర దంతాలకు మినహాయింపు ఉంది. మేరీల్యాండ్‌లోని కాల్వర్ట్ క్లిఫ్స్ పార్కులో తీరాన కొట్టుకొచ్చినవి ఏరుకోవచ్చు, కొండచరియ కిందికి వెళ్లడం, దాన్ని తవ్వడం కుదరదు. అక్కడి బంధువుల ఇంటికి వెళ్లేవారికి ఇది ఉపయోగపడే సంగతి. దుకాణంలో కొన్నదానికన్నా ఇసుకలో స్వయంగా ఏరుకున్న అర అంగుళం పన్నుకు ఏ పరీక్షా అవసరం ఉండదు.

మన నేలలో..

మన దేశంలోనూ సొర దంతాలు దొరికాయి. తమిళనాడులోని అరియలూరు, గుజరాత్‌లోని కచ్, ఒడిశాలోని బారిపద పొరలు శాస్త్రవేత్తలకు చిరపరిచితం. రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో 16 నుంచి 16.8 కోట్ల ఏళ్ల నాటి ‘స్ట్రోఫోడస్’ అనే సొర దంతాలు బయటపడినట్లు 2021లో వెల్లడైంది. తెలంగాణలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి పొరల్లో ‘జెనకాంథస్ ఇండికస్’ అనే మంచినీటి సొర దంతాలను 1980లో వర్ణించారు. ప్రాణహిత, గోదావరి లోయలోని కోట పొరల నుంచి ‘లాంకిడియాన్ ఇండికస్’ అనే మరో చిన్న సొరను 1986లో గుర్తించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కనిపించే కోటసారస్ అస్థిపంజరం కూడా ఈ కోట పొరలదే.

ఇవి మెగలొడాన్ పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందు, నదులు, సరస్సుల్లో పేరుకున్న పొరలు. ఇక్కడి సొర దంతాల పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. మట్టిని సన్నని జల్లెళ్లలో కడిగి, సూక్ష్మదర్శిని కింద ఏరితే తప్ప కంటికి ఆనవు. అందువల్ల అరచేతి వెడల్పు రంపపు దంతాన్ని చూపి ‘ఆదిలాబాద్ అడవుల్లో దొరికింది’ అంటే ఆ మాటను నమ్మడానికి వీల్లేదు. దంతం అసలైనదే కావచ్చు, చిరునామా మాత్రం నకిలీ. శాస్త్రానికి ఈ రెండో మోసం మొదటిదానికన్నా హానికరం. రెసిన్ బొమ్మ ఎప్పటికైనా పట్టుబడుతుంది. తప్పుడు ఊరిపేరు పుస్తకాల్లోకి ఎక్కితే తీసివేయడం తరాల పని.

శిలాజ స్థలాల పరిరక్షణకు ప్రత్యేక చట్టం తెచ్చేందుకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి ఉంచింది. పొలంలోనో, వాగు గట్టునో రాయిలోంచి పన్ను వంటిదేదైనా బయటపడితే దాన్ని పెకలించకూడదు, కడగకూడదు. ఉన్నది ఉన్నట్టుగా పక్కన ఒక నాణెం పెట్టి ఛాయాచిత్రం తీసుకోవాలి. గ్రామం, సర్వే నంబరు, ఎంత లోతులో కనిపించిందో రాసుకోవాలి. ఆ వివరాలతో హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంతీయ కార్యాలయాన్ని గానీ, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల భూగర్భ శాస్త్ర విభాగాలను గానీ సంప్రదించవచ్చు. రాయి చుట్టూ అంటుకున్న మట్టిని కూడా అలాగే ఉంచాలి. దంతం ఏ పొరదో తేల్చేది ఆ మట్టే.